నాలుగో మడి మొక్కలు

తొమ్మిదో భాగం

గ్వేజీ పెద్దమ్మ తోటలో కూలిపోయి ఇవాళ్టికి రెండు రోజులు. రైలుపట్టాల పక్కన, ఒకప్పుడు ఊరంతా పాత వాషింగ్ మెషీన్లు పారేసిన ఖాళీ జాగా అది. పేటవాళ్ళే చెత్త ఎత్తిపోసి తోట చేసుకున్నారు. అక్కడ గార్డీనియా మొక్క చుట్టూ కలుపు తీస్తూ తీస్తూ, ఏదో కుట్టిందే అని చెయ్యి విదిలించుకుంది పెద్దమ్మ. ఆ మాట పూర్తయ్యేలోపే మొహం ఉబ్బిపోయి, ఊపిరందక నేల మీద పడింది. అంబులెన్సు కదిలాక పెయ్‌వెన్ ఒక్కతే మోకాళ్ళ మీద కూర్చుని మొక్క మొదట్లో పుల్లతో కదిపింది. మెత్తటి మట్టి పగిలి, పొంగిన పాలలా చీమలు పైకి తన్నుకొచ్చాయి. నిప్పుచీమలు, కుడితే కొందరికి ప్రాణం మీదికొచ్చే రకం. ఆ మొక్కకి వేలాడుతున్న చెక్కముక్క మీద 'చియెన్ వారి నర్సరీ కానుక' అని ఉంది. తమ నర్సరీదే. రాసింది తన చేత్తోనే.

అప్పటినుంచీ ఆమెకి ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు.

ఆసుపత్రికి వెళ్ళేటప్పటికి పదకొండు దాటింది. గ్వేజీ పెద్దమ్మ మంచం మీద చేరబడి, పక్క మంచం ఆవిడకి బస్సు కండక్టరుగా తను పనిచేసిన రోజుల ముచ్చట్లు చెబుతోంది. కుడిచెయ్యి మోచేతి దాకా ఇంకా వాచే ఉంది. వేళ్ళ మధ్య తెల్లటి చీము పొక్కులు గింజల్లా వరసగా లేచాయి. పెయ్‌వెన్‌ని చూడగానే, వచ్చిందమ్మా మా మొక్కల రాణి, జామకాయ కోసిపెట్టు, ఈ చేత్తో చాకు పట్టుకోలేను, అంది.

పెయ్‌వెన్ సంచిలోంచి జామకాయ తీసి కొయ్యడం మొదలుపెట్టింది. సగం కోసి ఆపేసింది. డాక్టరేమన్నాడని అడిగింది.

"తేనెటీగ కుట్టిందని చెప్పాను," అంది పెద్దమ్మ మామూలుగా.

"ఎందుకలా చెప్పారు? తేనెటీగ కాదని మీకు తెలుసు."

"తెలుసు. పొలాల్లో పెరిగినదాన్ని, చీమకీ ఈగకీ తేడా తెలీదా." పెద్దమ్మ పక్క మంచం వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది. "మరేం చెప్పమంటావు? చియెన్ తియెన్‌ఫు ఇచ్చిన మొక్కలో చీమలున్నాయని చెప్పనా? పందొమ్మిదేళ్ళుగా పిలవకపోయినా ట్రక్కు వేసుకొచ్చి మా గుమ్మంలో మొక్కలు దించిపోతున్నాడు మీ నాన్న. ఆ మనిషిని ముసలిదాన్నై నేను నలుగురిలో పెట్టనా? పోనీలే, ఒక చీమ. నువ్వూ నోరు మూసుకుని ఊరుకో."

ఒక చీమ కాదని పెయ్‌వెన్‌కి తెలుసు. తోటలో మిగతావాళ్ళకి ఏం చెప్పారని అడిగింది. వాళ్ళకీ తేనెటీగే. గురువారం పొద్దున్నే అయిదుగురు ఆడవాళ్ళూ వచ్చి మిగిలిన కలుపు తీసేస్తామన్నారట. చేతికి తొడుగులు వేసుకోమని చెప్పారా అంటే పెద్దమ్మ నవ్వింది. తొడుగులేసుకుంటే వేరెక్కడుందో వేళ్ళకెలా తెలుస్తుందని ఎదురు అడిగింది.

కోసిన జామముక్కలు కోసినట్టే వదిలేసి పెయ్‌వెన్ లేచింది. వచ్చి పావుగంట కాలేదని పెద్దమ్మ వెనకనుంచి అంటూనే ఉంది.

దారిలో స్కూటర్ ఆపి దుకాణంలో ఆలూ చిప్స్ నాలుగు ప్యాకెట్లు కొంది. నిప్పుచీమ ఎక్కడుందో కనిపెట్టాలంటే అదే ఉపాయం. ఉప్పూ నూనే ఉన్న ఆ ముక్క కోసం అవి పుట్ట వదిలి వస్తాయి. మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ గొట్టంలో ఒక్కో ముక్క వేసి నేల మీద పెట్టాలి. అరగంటాగి వచ్చి చూడాలి. డాషీ ఊరి చుట్టుపక్కల నర్సరీల్లో పనిచేసేవాళ్ళందరికీ తెలిసిన సంగతే. కానీ తమ నర్సరీలో ఆ గొట్టాలు పెట్టి చూసి ఎన్నాళ్ళయిందో ఆమెకి గుర్తు రాలేదు. అదంతా నాన్న చూసుకునేవాడు. కొత్త సంవత్సరంనాడు నర్సరీని ఆమె పేరుకి మార్చి, సంతకానికి బదులు వేసే ముద్రని ఎర్రగుడ్డలో చుట్టి చేతిలో పెట్టినప్పుడు కూడా ఆ తనిఖీ పని మాత్రం నాకే వదిలెయ్యమన్నాడు. తనకి పని తగ్గిందనుకుని సంతోషించింది ఆమె.

నర్సరీలో మూడు ఎకరాలు, ఎనిమిది మడులు. ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి దోపి, బూట్ల పైన టేపు చుట్టుకుని, ఒకటో మడి నుంచి గొట్టాలు పెట్టుకుంటూ వెళ్ళింది. ఆకాశం బూడిదరంగులో కిందికి దిగి ఉంది. వాన వస్తానంటోంది గాని రావడం లేదు. మెడ మీద చెమట జారితే కూడా ఏదో పాకినట్టే ఉండి రెండుసార్లు చొక్కా కాలరు విదిలించుకుంది.

నీళ్ళ పైపు చుడుతున్న కున్‌షెంగ్ ఆమెను చూసి దగ్గరికొచ్చాడు. ముప్పై ఏళ్ళుగా నాన్న దగ్గర మేస్త్రీ. బుగ్గన వక్క లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. చిప్స్ ప్యాకెట్లు చూసి, ఎవరి పుట్టినరోజు అమ్మాయ్, మాకేమన్నా పెడతావా, అని నవ్వుతూ వచ్చినవాడు, ఆమె చేతిలో గొట్టాలు కనిపించగానే నవ్వు మింగేశాడు. ఏమీ అడగలేదు. మళ్ళీ పైపు దగ్గరికి పోయి, చుట్టిన పైపునే విప్పి మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు.

అరగంటాగి తిరిగొచ్చి చూస్తే మొదటి మూడు మడుల్లో ఏమీ లేదు. ఒక గొట్టంలో మామూలు నల్లచీమలు రెండు తిరుగుతున్నాయి, అంతే. ఆమెకి కొంచెం ఊపిరి వచ్చింది. పెద్దమ్మ తోటలోని చీమలు రైలుపట్టాల అవతలనుంచి వచ్చి ఉండవచ్చు, ఎవరో తెచ్చి పోసిన మట్టిలోంచి వచ్చి ఉండవచ్చు అనుకుంది. అలా అనుకుంటూనే నాలుగో మడికి వచ్చింది.

నాలుగో మడి పంటకాలవ పక్కన, పచ్చ వల నీడలో ఉంటుంది. ఇప్పుడది ఖాళీ. నేల మీద పరిచిన నల్ల పట్టా మీద కుండీలు ఆనిన గుండ్రటి మచ్చలు వరసలు వరసలుగా కనిపిస్తున్నాయి. ఏడాది పొడుగునా నిండుగా ఉండే మడి. మార్చిలో తోటలకి మొక్కలు పంచినప్పుడు దాదాపు ఇదంతా ఎత్తేశారు. ఆ రోజు ట్రక్కుకి ఎక్కించింది ఆమే. ఎప్పుడూ అన్ని మడుల్లోంచీ కొన్ని కొన్ని తీసి ఇచ్చే నాన్న, ఈసారి ఒక్క మడినే ఎందుకు ఖాళీ చేయించాడని అప్పుడు తోచలేదు. చోటు కావాలేమో అనుకుంది.

కాలవ అంచున పెట్టిన గొట్టం దగ్గర వంగింది. లోపల చిప్స్ ముక్క కనిపించడం లేదు. దాని చోట ఎర్రటి ముద్ద ఒకటి కదులుతోంది. మూత బిగించింది. పక్క గొట్టంలోనూ అంతే. దాని పక్కదాంట్లోనూ అంతే. పట్టా అంచు బూటుతో ఎత్తి చూసింది. కింద మట్టిలో మొక్కజొన్న రవ్వలాంటి పసుప్పచ్చ గుళికలు చల్లి ఉన్నాయి. చీమల మందు.

చీమలున్నాయన్నది ఒక సంగతి. అవి ఉన్నాయని ఎవరికో ముందే తెలుసన్నది ఇంకో సంగతి.

కున్‌షెంగ్ దగ్గరికి గొట్టం పట్టుకునే వెళ్ళింది. ఆయన దానివైపు చూడలేదు.

"చల్లమన్నారు, చల్లాను," అన్నాడు అడగకముందే.

"ఎప్పటినుంచి బాబాయ్?"

"మీ నాన్నని అడుగు."

"నిన్ను అడుగుతున్నాను. కుండీలు ట్రక్కెక్కించేటప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు. నేను చేతులకి తొడుగులు లేకుండా ఎత్తుతుంటే చూస్తూ ఉన్నావు."

కున్‌షెంగ్ పక్కకి తిరిగి వక్క ఉమ్మేశాడు. ఆ కుండీల్లో చీమలు తగ్గిపోయాయనే ఆయనా అనుకున్నాడట. ప్రతి కుండీ తట్టి చూశామన్నాడు. ఇంకేదో చెప్పబోయి, మీ నాన్నని అడుగు అమ్మాయ్ అని మళ్ళీ అదే అన్నాడు. ఈసారి బతిమాలుతున్నట్టు ఉంది గొంతు.

నాన్న షెడ్డులో ఉన్నాడు. నాలుగింటికి ఊళ్ళో ప్రాథమిక పాఠశాల వెనక కొత్త తోటలో పిల్లలచేత మొక్కలు నాటించాలి. రెండువందల కుండీలు ట్రక్కులో సర్ది ఉన్నాయి. చియెన్ తియెన్‌ఫు బల్ల ముందు కూర్చుని, ఒక్కో చెక్కముక్కకీ దారం కడుతున్నాడు. అరవై తొమ్మిదేళ్ళ మనిషి. ఇస్త్రీ చొక్కా, తల నున్నగా దువ్వుకున్నాడు. ఏడాదికి ఇలాంటి రోజులు నాలుగో అయిదో వస్తాయి. ఆ రోజుల్లో ఆయన మొహం పెళ్ళికొడుకు తండ్రిలా ఉంటుందని ఊళ్ళో వాళ్ళు ఎగతాళి చేస్తారు.

పెయ్‌వెన్ గొట్టం బల్ల మీద పెట్టింది. ప్లాస్టిక్ గోడల మీద చీమలు పైకెక్కి జారిపడుతున్నాయి.

ఆయన చేతిలో దారం ఆగింది. కళ్ళద్దాలు సర్దుకుని గొట్టం వైపు చూశాడు. ఎక్కడిది అని అడగలేదు. దాన్నిబట్టే ఆమెకి అంతా తెలిసిపోయింది.

"నాలుగో మడిది," అంది. "నువ్వు అడగలేదు గాని చెబుతున్నా."

తియెన్‌ఫు దారం ముడి వేసి, ఆ చెక్కముక్క పక్కన పెట్టి, ఇంకోటి తీసుకున్నాడు. ఎండలు ముదిరితే మళ్ళీ మందు వేయిస్తానన్నాడు. ఇది ఒక్క మన నర్సరీకి వచ్చింది కాదని, ఈ చుట్టుపక్కల చీమ లేని నేల ఎక్కడుందని అన్నాడు. ట్రక్కులో ఉన్నవి ఏడో మడివి, ఒక్కొక్కటీ తనే చూశానని, ఆ మాట నమ్మమని అన్నాడు. ఇవన్నీ మొక్కలకి నీళ్ళు పెట్టే వేళలు చెప్పినంత మామూలుగా చెప్పాడు. అదే ఆమెకి భరించరానిదైంది.

"గ్వేజీ పెద్దమ్మకి ఊపిరాడలేదు నాన్నా. నా ఒళ్ళో పడుకోబెట్టుకున్నాను. పెదాలు నీలం తిరగడం చూశాను."

"తేనెటీగ అన్నారు కదా."

"నీ కోసం అంది. నిన్ను నలుగురిలో పెట్టలేక అంది. గురువారం ఇంకో అయిదుగురు అదే మట్టిలో ఉత్త చేతులు పెడతారు."

బయట కున్‌షెంగ్ పైపు ఈడుస్తున్న చప్పుడు ఆగిపోయింది. వింటున్నాడని ఇద్దరికీ తెలుసు.

ఎప్పుడు తెలిసిందని అడిగింది పెయ్‌వెన్. ఫిబ్రవరిలో అన్నాడు. మరి అప్పుడే తనిఖీ ఆఫీసుకి ఎందుకు చెప్పలేదని అడిగింది. చెబితే ఏమవుతుందో నీకు తెలీదా అన్నాడు. గేటుకి పసుపు టేపు కడతారు. ఆ టేపు తీసేదాకా ఒక్క ఆకు బయటికి పోదు. మిగతా నర్సరీలవాళ్ళు వచ్చి అయ్యోపాపం అని పోతారు. అప్పటికి నీ పేరు మీద పెట్టి రెండు నెలలైనా కాలేదు, నీ పేరు పేపర్లో పడటం నాకిష్టం లేదు అన్నాడు.

"అయితే పారెయ్యాల్సింది. తగలబెట్టాల్సింది. పంచిపెట్టడం దేనికి?"

తియెన్‌ఫు దారం చుట్ట వేళ్ళ మధ్య తిప్పాడు. తర్వాత తల ఎత్తకుండా అన్నాడు.

"అమ్మాలంటే చీమల్లేవని కాగితం చూపించాలి. ఇచ్చేదానికి ఎవరూ కాగితం అడగరు."



ఇరవై ఏళ్ళుగా తను గర్వపడిన మనిషి ఈయన. బళ్ళో మీ నాన్న ఏం చేస్తాడంటే మొక్కలు అమ్ముతాడని కాదు, మొక్కలు ఇస్తాడని చెప్పేది. తనకి పెళ్ళి తప్పిపోయి తావ్‌యువాన్ పట్నంలో ఉద్యోగం వదిలేసి వచ్చినప్పుడు కూడా, ఈ తోటలు తిరుగుతూనే మళ్ళీ మనిషైంది. ఏ తోటకి పోయినా, తియెన్‌ఫు కూతురివా, కూర్చో, తిను అనేవాళ్ళు. ఆ మాటలన్నీ ఇప్పుడు వరసగా చెవిలో పడుతుంటే ఎక్కడికన్నా పారిపోవాలనిపించింది.

"పందొమ్మిదేళ్ళు ఇచ్చి ఈసారి ఇవ్వకపోతే ఎందుకివ్వలేదని అడుగుతారు," అన్నాడాయన ఇంకా తల వంచుకునే. "కాలవ గట్టు తోటవాళ్ళు జనవరి నుంచే గోతులు తీసుకుని కూర్చున్నారు. ఏమని చెప్పను వాళ్ళకి? మందు వేశాను. రెండు వారాలు ఆగాను. కుండీ కుండీ తట్టాను. ఒక్క చీమ కనపడలేదు. లేవనే అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను."

"ట్రక్కు తాళం ఇవ్వు నాన్నా."

"పిల్లలు ఎదురుచూస్తుంటారు."

"తాళం ఇవ్వు."

ఆయన ఇవ్వలేదు. ఆమె బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి ఆయన చొక్కా జేబులోంచి తనే తీసుకుంది. చిన్నప్పుడు ఆ జేబులోంచే పిప్పరమెంటు బిళ్ళలు తీసుకునేది. ఆయన అడ్డం పడలేదు. రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆ చేతులు ఇంత ముసలివైపోయాయని ఆమె ఎప్పుడూ చూసుకోలేదు.

ముందు బడికి ఫోన్ చేసి ఇవాళ కుదరదని చెప్పింది. టీచరు ఎందుకని అడిగితే, సాయంత్రం నేనే వచ్చి చెబుతానంది. గ్వేజీ పెద్దమ్మ తోటలో కలుపు తీసే ఆవిడకి ఫోన్ చేసి, గురువారం ఎవరూ మట్టి ముట్టుకోవద్దు, అది తేనెటీగ కాదు, నిప్పుచీమలు, మా మొక్కల్లోంచే వచ్చాయి అని చెప్పింది. అవతలావిడ, మీ నాన్నకి ఈ సంగతి తెలుసా పాపం, అని అడిగింది. తెలుసు అంది పెయ్‌వెన్.

ఆ తర్వాత చీమల సంగతి చెప్పవలసిన ఆ తనిఖీ ఆఫీసుకి ఫోన్ చేసింది. ఎత్తినావిడ నెమ్మదస్థురాలు. నర్సరీ పేరు, ఊరు, యజమాని ఎవరని అడిగింది.

"నేనే," అంది పెయ్‌వెన్. "చియెన్ పెయ్‌వెన్."

తియెన్‌ఫు తల ఎత్తి చూశాడు.

ఆవిడ తిట్టలేదు, ఆశ్చర్యపోలేదు. గేటు మూసెయ్యండి, మట్టిగాని మొక్కగాని బయటికి కదలకూడదు, రేపు పొద్దున్నే మావాళ్ళు వస్తారు అంది. మొక్కలు ఎక్కడెక్కడికి వెళ్ళాయో ఒక్క చోటు కూడా వదలకుండా చెప్పమంది. రాసుకుంటానంది. పెయ్‌వెన్ చేతులు ఖాళీ చేసుకోవడానికి ఫోన్ స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచి, రిజిస్టరు కోసం అల్మారా తెరిచింది. రిజిస్టరులో తోటల పేర్లున్నాయి గాని ఏ మడిలోంచి ఏ తోటకి ఎన్ని వెళ్ళాయో లేదు.

ఆమె పేజీలు తిప్పుతూ తడుముకుంటుంటే వెనకనుంచి నాన్న గొంతు వినిపించింది.

"పాత పొగాకు గోదాము వెనక, అజేలియా పూలమొక్కలు అరవై. కర్పూరం మొక్కలు నాలుగు. అక్కడ చూసుకునేది చెవిటి లిన్. ఫోన్ చేస్తే వినపడదు, ఇంటికెళ్ళి చెప్పాలి."

పెయ్‌వెన్ రిజిస్టరు మూసేసింది.

ఆయన కూర్చున్నచోటునుంచి కదలకుండా, కళ్ళు మూసుకుని ఒక్కో తోటా చెప్పుకుంటూ పోయాడు. రైలుపట్టాల పక్కన గార్డీనియాలు ముప్పై. వంతెన కింద వెదుళ్ళు పన్నెండు గుబుర్లు, అక్కడ నీడలో ముసలివాళ్ళు చదరంగం ఆడతారు, కాళ్ళు మట్టిలోనే పెట్టుకుంటారు. కాలవ గట్టున మందారాలు, నాటినవాడి కూతురికి నెలలు నిండాయి, ఆమెని రావద్దని ముందు చెప్పాలి. ఎక్కడెక్కడ ఎవరున్నారో, ఎవరు ఏ వేళకి వస్తారో, ఎవరి మోకాళ్ళు వంగవో, ఎవరు పిల్లల్ని వెంటేసుకొస్తారో అన్నీ చెప్పాడు. అవతల ఆవిడ రాసుకుంటున్న కలం చప్పుడు వినిపిస్తోంది. అప్పుడప్పుడు, కొంచెం ఆగండి తాతగారూ, అంటోంది. కున్‌షెంగ్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన బుగ్గన వక్క లేదు.

పదకొండో తోట అయ్యేసరికి గోడ గడియారం నాలుగూ ముప్పావు చూపిస్తోంది. అంతేనా అని అడిగింది ఫోన్‌లో ఆవిడ. అంతే, పదకొండే, రిజిస్టరులో కూడా అంతే ఉన్నాయి అంది పెయ్‌వెన్.

"పన్నెండు," అన్నాడు తియెన్‌ఫు.

ఆమె ఆయన వైపు తిరిగింది.

"ఏటి కట్ట కింద ఒకటుండేది. పోస్ట్‌మాన్ షుయ్‌మూ ఒక్కడే చూసుకునేవాడు. నువ్వు తావ్‌యువాన్‌లో ఉండగా. పోయినేడు వసంతంలో ఇచ్చాను. నాలుగో మడివే." ఆయన ఆగి, గుమ్మంలో ఉన్న కున్‌షెంగ్ వైపు చూశాడు. కున్‌షెంగ్ తల తిప్పుకున్నాడు. "ఆగస్టులో ఒక సాయంత్రం షుయ్‌మూ ఆ తోటలోనే పడిపోయాడు. గుండె ఆగిందన్నారు. ముందు వెళ్ళింది నేనే. మడమల నిండా ఎర్రటి దద్దుర్లు. నీళ్ళ డబ్బా పక్కన మట్టి పొర్లి ఉంది. ఎవరూ చూడలేదు. నేను చూశాను."

ఫోన్‌లో కలం చప్పుడు ఆగిపోయింది.

"ఫిబ్రవరి అన్నావు," అంది పెయ్‌వెన్.

"ఆగస్టు," అన్నాడాయన. "ఆ రాత్రే వచ్చి నాలుగో మడిలో వెతికాను. ఉన్నాయి."

ఫోన్‌లో ఆవిడ నెమ్మదిగా అడిగింది. ఆ తోట ఇప్పుడెవరు చూస్తున్నారు, ఆ మొక్కలేమయ్యాయి అని. తోట లేదన్నాడు తియెన్‌ఫు. షుయ్‌మూ పోయాక చూసేవాళ్ళు లేక చదును చేసేశారు. నాటకుండా మిగిలిన కుండీలు తొమ్మిది ఉన్నాయి. షుయ్‌మూ భార్య యూలాన్ వాటిని ఇంటికి తీసుకుపోయి పెరట్లో పెట్టుకుంది. భర్త ఆఖరిసారి నీళ్ళు పోసినవని ఎవరికీ ఇవ్వలేదు.

"వాటికి మందు వేశావా?" అంది పెయ్‌వెన్.

"రెండుసార్లు. ఆవిడ లోపలికెళ్ళినప్పుడు వేశాను. కొత్త సంవత్సరం తర్వాత మళ్ళీ వెళ్ళలేదు."

"ఎందుకని?"

తియెన్‌ఫు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"వెళ్ళినప్పుడల్లా కూర్చోబెట్టి టీ పెడుతుంది," అన్నాడు.

పెయ్‌వెన్ ఆయన దగ్గర యూలాన్ నంబరు అడిగి తీసుకుని, కున్‌షెంగ్ ఫోన్ లాక్కుని కొట్టింది. మోగుతోంది. ఎత్తడం లేదు. అదే మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ కొట్టింది. ఆఫీసావిడ లైన్లోనే ఉంది, ఎత్తారా అని అడుగుతోంది. ట్రక్కు కదలకూడదు. పెయ్‌వెన్ మేకుకి వేలాడుతున్న స్కూటర్ తాళం అందుకుంది. ఏటి కట్ట ఇల్లు ఇక్కడికి పావుగంట దూరం. ఫోన్ చెవికి ఆనించుకునే గుమ్మం దాటుతూ, ఈ వేళప్పుడు ఆవిడ ఇంట్లో ఉండదా నాన్నా అని అడిగింది.

తియెన్‌ఫు గడియారం వైపు చూశాడు. అయిదు కావడానికి అయిదు నిమిషాలుంది. ఆయన బల్ల పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"పెరట్లో నీళ్ళు పోస్తుంటుంది," అన్నాడు. "చెప్పులు తడుస్తాయని విప్పేసి పోస్తుంది."